వేళ రాసిపెట్టండి చాలు: విశాఖ పర్యాటక అధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో పర్యాటక బాధ్యతలు చూస్తున్న జిల్లా యంత్రాంగానికి, నగర పాలనా వర్గానికి, పురావస్తు, అటవీ శాఖల అధికారులకు నమస్కారం.

అయ్యా, అమ్మా,

ఊరికి వచ్చిన చుట్టానికి మీ కరపత్రం ఏం చూపిస్తుందో అందరికీ తెలిసిందే. ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, సింహాచలం, ఇంకో రోజు మిగిలితే అరకు, బొర్రా. అవి చూడొద్దని మేమూ అనం. కానీ ఇదే తీరంలో మంచుయుగం నాటి ఎర్ర ఇసుక గుట్టలున్నాయి. అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. యుద్ధకాలపు కాంక్రీటు గూళ్ళు, డచ్చివాళ్ళ సమాధులు, బౌద్ధ భిక్షువులు కొండరాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు, ఎండ ఎక్కేసరికి అయిపోయే చేపల వేలం ఉన్నాయి. వీటిని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు ఈమధ్య పెరిగారు. వెళ్ళినవాళ్ళలో సగం మంది ‘ఏముంది అక్కడ, నాలుగు రాళ్ళు’ అంటూ తిరిగి వస్తున్నారు. వాళ్ళు తప్పు చోటుకి పోలేదు, తప్పు వేళకి పోయారు.

అందుకే ఈ లేఖ. ఈ చోట్లలో కొత్తగా ఏమీ కట్టొద్దు. సెల్ఫీ పాయింట్లు, రంగు రంగుల అక్షరాలు, సిమెంటు జింకలు వద్దు. ఏ చోటికి ఏ నెలలో, ఏ తిథికి, ఏ గంటకి వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళకూడదో రాసిపెట్టండి. దాంతోపాటు ఒక మరుగుదొడ్డి, ఒక బస్టాపు పేరు ఉంటే చాలు.

ముందుగా సముద్రం సంగతి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు పాట్లు (నీరు వెనక్కి తీయడం). ఒక పోటుకీ దాని వెనక పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈ రోజు ఉదయం ఏడింటికి నీరు పూర్తిగా తీస్తే, రేపు దాదాపు ఏడూ యాభైకి తీస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు నీటికీ పాటు నీటికీ ఎత్తులో తేడా సుమారు 1.4 మీటర్లు. అష్టమి చుట్టుపక్కల అది అర మీటరు దగ్గరికి పడిపోతుంది. ఊళ్ళోవాళ్ళకి కూడా పెద్దగా తెలియని సంగతి ఇంకోటుంది. బంగాళాఖాతం మట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన దగ్గర మార్చి ప్రాంతంలో బాగా దిగుతుంది, అక్టోబరు, నవంబరుల్లో పైకొస్తుంది. కాబట్టి కార్తీక పౌర్ణమి పాటుకి మునిగే ఉన్న రాయి ఫాల్గుణ పౌర్ణమి పాటుకి బయటపడుతుంది.

తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర, రుషికొండ పక్క రాళ్ళలో, మంగమారిపేటలో నీరు తీసినప్పుడు రాతి గుంటల్లో ఒక చిన్న సముద్రం మిగిలిపోతుంది. చూడాలంటే నిలబడితే కుదరదు, గుంట పక్కన గొంతుక్కూర్చోవాలి. మన నీడ నీటి మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి గవ్వ ఒకటి నడవడం మొదలుపెడుతుంది, లోపల సన్యాసి పీత ఉంటుంది. రాయికి అంటుకున్న మెత్తటి ముద్దలా కనిపించినది వేళ్ళు విప్పుతుంది, అది సీ అనిమోన్. బొరియలో నల్లటి ముళ్ళు కదిలితే అది సీ అర్చిన్. పచ్చగా, గోధుమ రంగులో రాతిని తివాచీలా కప్పేసినవి జొవాంథిడ్లు అనే జీవులు. వాటిని ముట్టుకోకూడదు, కొన్నింటి జిగురులో విషం ఉంటుంది. శంకు ఆకారంలో నున్నగా, అందంగా ఉన్న గవ్వ దొరికినా ఏరుకోకూడదు. కోన్ నత్త బతికుంటే కుడుతుంది. పిల్లల చేతికి ప్లాస్టిక్ బకెట్ ఇచ్చి దించే తల్లిదండ్రులకి ఈ రెండు ముక్కలూ ముందే చెప్పాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడే. పాటు వేళ దాటాక వెళ్ళడం, పచ్చటి పాచి మీద రబ్బరు చెప్పులతో నడవడం, రాయి తిరగేసి అలాగే వదిలేయడం. రాయి అడుగున బతికేవాటికి ఎండ తగిలితే గంటలో పోతాయి. తిరగేస్తే మళ్ళీ అదే పక్కకి, మెల్లగా పెట్టాలి. పాటుకి గంట ముందు దిగి, నీరు తిరగడం మొదలవగానే ఒడ్డుకి వచ్చేయాలి. వెనక ఉన్న రాళ్ళ సందులోకి నీరు ముందు వస్తుంది, కాళ్ళ ముందుకి తర్వాత వస్తుంది. చిక్కుకుపోయేది ఇలాగే.

ఈ వేళలు రోజూ మారేవి కనుక రేకు మీద శాశ్వతంగా పెయింటు వేయించి లాభం లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పోటుపాటుల అంచనాలు ఇస్తుంది, పెద్ద అలల హెచ్చరికలూ ఇస్తుంది. ఆ వేళల్ని వారానికోసారి సుద్దముక్కతో రాసే నల్లబల్ల పెడితే చాలు. బడిపిల్లలు కూడా రాయగలరు. పెద్ద అలల హెచ్చరిక ఉన్న రోజున బల్ల మీద ఎర్ర గీత ఒకటి గీస్తే, అది చదువు రానివాడికీ అర్థమవుతుంది.

మంగమారిపేట రాతి తోరణం కూడా ఈ లెక్కలోదే. తొట్లకొండకి ఎదురుగా, బీచ్ రోడ్డుకి సముద్రం వైపున ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే అలలు దాని కాళ్ళకి కొట్టుకోవడమే కనిపిస్తుంది. పాటులో అయితే దగ్గరదాకా నడిచి వెళ్ళి, కింద నుంచి పైకి చూడొచ్చు. మెత్తటి పొర, చీలిక ఉన్న చోట అల ముందు తింటుంది. గట్టి భాగం పైన వంతెనలా మిగిలిపోతుంది. తోరణం అంటే సగం అయిన పని. అల ఇంకా తొలుస్తూనే ఉంటుంది, ఏదో ఒకనాడు పైకప్పు పడుతుంది. కనుక పైకి ఎక్కి ఫొటో దిగడం మానిపించాలి. కంచె వేయక్కర్లేదు, తుప్పు పట్టిన కంచె కంటే అసహ్యం ఇంకోటి లేదు. ‘పైకెక్కితే రాయి, మీరు, ఇద్దరూ పడతారు’ అని ఒక పలక మీద చెక్కించండి.

అక్కడే కాళ్ళ కింద చూడండి. అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు మిగులుతాయి. నలుపు ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్. మన కొండల్లో ఉన్న ఖోండలైటు రాయి అరిగి వచ్చినవే ఈ గార్నెట్లు. పాత స్పీకరులోంచి తీసిన బలమైన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఎండిన నల్ల ఇసుక మీద తిప్పితే గింజలు మీసాల్లా లేచి అంటుకుంటాయి. కవరు తిరగేసి లాగితే ఊడిపోతాయి. కవరు లేకుండా తిప్పితే అయస్కాంతం ఇక పనికిరాదు, గింజలు గీకినా పోవు. పిల్లలున్న కుటుంబానికి ఇంతకంటే చవకైన వినోదం బీచ్ రోడ్డు మొత్తం మీద దొరకదు.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా చెప్పుకోరు. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా దిగిపోయి, తీరం ఎక్కడో దూరాన ఉన్నప్పుడు, బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోసింది. తర్వాత రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పొర పట్టి ఎర్రబడింది. చిటికెడు తీసుకుని తడి అరచేతిలో గట్టిగా రుద్దితే ఆ పూత కొంత చేతికి అంటుతుంది, రేణువు రంగు తేలుతుంది. వేల ఏళ్ళ వానలు ఈ మేటని కోసి లోయలు, సందులు చేశాయి.

దీన్ని చూడాల్సిన వేళ సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు. ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక. అప్పుడే గోడల మీద వాన గీసిన గాట్లు నీడలతో తేలతాయి. నడినెత్తిన ఎండ ఉంటే అంతా ఒకే ఎరుపు, లోతు తెలియదు. పైగా లోపల నీడ ఉండదు, నీళ్ళు దొరకవు. మనిషికి లీటరు తక్కువ కాకుండా పట్టుకెళ్ళాలి. లోపలికి వెళ్ళే దారి తేలిక, బయటికి వచ్చే దారి కష్టం. ఏ సందు చూసినా ఒకేలా ఉంటుంది, ఎత్తైన గోడల మధ్య ఫోనులో మ్యాపు చుక్క ఎగిరెగిరి పడుతుంది. దిగేటప్పుడు ప్రతి మలుపులో వెనక్కి తిరిగి ఒకసారి చూసుకోవడం, జీడిమామిడి తోపునో తాటిచెట్టునో గుర్తు పెట్టుకోవడం పాత పద్ధతే కానీ పని చేస్తుంది.

వాన పడ్డాక రెండు రోజులైనా ఎవర్నీ లోపలికి పంపకండి. పైకి గట్టిగా కనిపించే అంచు కింద ఇసుక జారిపోయి బోలుగా ఉంటుంది. అంచు మీద ఒక అడుగు పడితే గోడంతా పలకలా విడిపోతుంది. మామూలు రోజుల్లోనూ అంచుకి మూడు మీటర్లు ఎడంగానే నడవాలి. బైకులు, జీపులు తిప్పితే చక్రం చేసిన గాడిలోకి వాన నీరు మళ్ళుతుంది. ఆ గాడి మరుసటి ఏడాదికి కాలవ, ఆ తర్వాత లోయ. పక్కన చదును చేసి దారులు వేసినా అంతే. దిబ్బల్ని కోసేదీ బతికించేదీ నీటి దారే, దాన్ని మళ్ళిస్తే ఒక పక్క పూడుతుంది, ఒక పక్క కూలుతుంది. ఇక్కడ మీరు చేయగలిగే గొప్ప పని బండ్లు రోడ్డు మీదే ఆపించడం. సినిమా షూటింగులకి అనుమతి ఇచ్చేటప్పుడు జనరేటర్ బండి ఎక్కడిదాకా రావాలో కాగితం మీద గీత గీసి ఇవ్వండి.

బౌద్ధ కొండల దగ్గర మీరు చాలా ఖర్చు పెట్టారు, కాదనం. తొట్లకొండ, బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ, మూడూ సముద్రం చూస్తూ ఉన్న విహారాలే. తొట్లకొండ మీద జనం మహాస్తూపం దగ్గర ఫొటో దిగి వెనుదిరుగుతారు. అసలు చూడాల్సినవి రాతిలో తొలిచిన తొట్లు, వాటిలోకి వాననీరు చేర్చిన తీరు. కొండ వాలు ఎటు ఉందో, నీరు ఎక్కడ పోగవుతుందో ముందు చూసి, తొట్టిని అక్కడ తొలిపించారు. ఇది వేసవిలో అర్థం కాదు. అక్టోబరు, నవంబరుల్లో, వాన వెలిసిన మర్నాడు వెళ్తే నీరు నడిచే దారి కళ్ళారా కనిపిస్తుంది. తవ్వకాల్లో శాతవాహన సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వాటి గురించి నాలుగు వాక్యాల పలక ఒకటి కొండ మీద ఉంటే, కింద కనిపించే సముద్రంలో ఓడలు ఎందుకు ఆగేవో చూసేవాడే ఊహించుకుంటాడు. 2019 అక్టోబరు వానలకి అక్కడ తిరిగి కట్టిన స్తూపం కట్టడం కొంత కూలింది. పాత రాయి మీద కొత్త పని పెట్టేటప్పుడు లోపలికి దిగిన నీరు బయటికి ఎలా పోతుందన్నది మొదటి ప్రశ్న కావాలి.

అదే మాట భీమిలి డచ్చి సమాధుల దగ్గర ఇంకా గట్టిగా చెప్పాలి. పాత కట్టడాలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం ఊపిరి పీలుస్తుంది, తడిని బయటికి వదులుతుంది. పగులు కనపడగానే సిమెంటు మెత్తితే తడి లోపలే ఉండిపోతుంది, ఉప్పుగాలి తెచ్చిన లవణం ఇటుకలో గడ్డకట్టి, రెండు మూడేళ్ళలో సిమెంటు ముక్కతోపాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. మరమ్మతు టెండరులో ‘సిమెంటు వాడరాదు’ అన్న ఒక్క వాక్యం చేర్చండి. రావి, మర్రి మొక్కల్ని లాగి పీకించకండి, వేరు సగం లోపలే ఉండి మళ్ళీ వస్తుంది, పైగా గోడనీ లాగేస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరుకి మందు పెట్టించాలి.

ఆ రాతిపలకల మీద అక్షరాలు చదవాలని వచ్చేవాళ్ళు సుద్దపొడి రుద్దుతారు, నీళ్ళు చల్లుతారు. రెండూ చెడుపే. పొద్దున్నే ఏటవాలు వెలుగులో వెళ్తే ఏమీ పూయక్కర్లేదు. వేళ తప్పితే ఫోను టార్చిని పలక పక్కన, దాదాపు పలకకి ఆనించి, అడ్డంగా వెలిగిస్తే గాట్లలో నీడ పడి అక్షరం లేచి కూర్చుంటుంది. ఎదురుగా వెలిగిస్తే ఏమీ కనిపించదు. గేటుకి తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో గేటు మీదే రాయించండి, మనిషి పేరు కాకుండా ఆఫీసు పేరు, పని గంటలు. భీమిలి 1861 నుంచే మునిసిపాలిటీ ఉన్న ఊరు. గంటస్తంభం, లైట్‌హౌస్, పాత చర్చి, గోస్తని సముద్రంలో కలిసే చోటు, అన్నీ నడిచి చూసేంత దగ్గర. విశాఖ రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళే 900కె బస్సు రుషికొండ, తొట్లకొండ దారి, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, అన్నింటినీ ఒకే తాడు మీద కడుతుంది. ఈ లేఖలో సగం ఆ ఒక్క బస్సు టికెట్టుతో చూడొచ్చు. మీ కరపత్రంలో మాత్రం కారు అద్దెలే ఉన్నాయి.

పాత ఊరికి వద్దాం. వన్ టౌన్‌కి పర్యాటకుణ్ణి తీసుకెళ్ళడానికి ట్రావెల్స్ వాళ్ళు ఇష్టపడరు, బస్సు తిరగదు కదా. నడవాలి. విక్టోరియా రాణి బొమ్మ, కురుపాం మార్కెట్, కోట వీధి, టౌన్ హాల్, బురుజుపేట కనకమహాలక్ష్మి. అమ్మవారి మీద కప్పు ఉండదు, భక్తులే స్వయంగా తాకి పూజ చేసుకుంటారు. మార్గశిర గురువారాల్లో మాత్రం అటు నడక పెట్టుకోవద్దు, అది మొక్కుబడుల జనం రోజు. హార్బరు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. చర్చి ఉన్న రాస్ హిల్ మీద నిలబడితే ఇన్నర్ హార్బర్ కాలవ కాళ్ళ కింద ఉంటుంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ కాలవ గుండానే 1933 నుంచి ఓడలు లోపలికి వస్తున్నాయి. పెద్ద ఓడ వస్తుంటే ముందూ వెనకా టగ్గులు (ఓడని లాగే చిన్న పడవలు) పట్టి నడిపించడం చూస్తే టికెట్టు పెట్టిన ఏ వినోదమూ దాని ముందు నిలవదు. నేవీ స్థావరం ఎదురుగానే ఉంది కనుక కెమెరా ఎటు తిప్పొచ్చు, ఎటు తిప్పకూడదు అన్నది స్పష్టంగా రాసిన బోర్డు ఇక్కడ తప్పనిసరి. ఫొటో తీశాక సెక్యూరిటీ వాళ్ళతో మాటలు పడేకంటే ముందే తెలిస్తే మేలు.

ఫిషింగ్ హార్బర్ వేలానికి మీరు ఎవర్నీ పంపడం లేదు, ఒక రకంగా మంచిదే. పంపితే మాత్రం సరిగా పంపండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. అప్పుడు వెళ్తే కట్టేసిన బోట్లు, వలలు అల్లుకునే మనుషులు కనిపిస్తారు, వేలం ఉండదు. మిగతా రోజుల్లో తెల్లవారకముందే చేరుకోవాలి, ఎనిమిదికల్లా ఊపు తగ్గిపోతుంది. నేలంతా ఐసు నీళ్ళు, పొలుసు. జారని చెప్పులు వేసుకోవాలి. ట్రేలు లాగే దారికి అడ్డం నిలబడకూడదు, ‘పక్క, పక్క’ అన్న కేక వినపడితే చూడకుండా గోడ వైపుకి తప్పుకోవాలి. ఫొటోకి ముందు అడగాలి. చేప కొనాలనుకుంటే గుట్ట పాట పాడే చోట కాదు, బయట తట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళ దగ్గర కొనాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి పోకుండా మెరవాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే నిండాలి. వంజరం, చందువ ధర విని వెనక్కి తగ్గినవాళ్ళు కానాగంతలు తీసుకోవచ్చు, రుచికి లోటు రాదు. శుభ్రం చేసినందుకు కూలి వేరే. చిల్లర పట్టుకెళ్ళాలి.

వల లాగడం చూడాలంటే పెద జాలరిపేట వైపు వెళ్ళాలి. పడవ మీద అలివి వలని అర్ధచంద్రంలా సముద్రంలో పరిచి, రెండు కొసల తాళ్ళు ఒడ్డుకి తెచ్చి, రెండు జట్లుగా లాగుతారు. మొత్తం తంతుకి గంటా రెండు గంటలు పడుతుంది. ఓ చెయ్యి వేయమంటే వేయండి, తాడుని చేతికి చుట్టుకోకండి.

అటే ఇసుకలో యుద్ధకాలపు పిల్‌బాక్సు ఉంది. కాంక్రీటు గది, సముద్రం వైపు తుపాకి గొట్టం పట్టేంత సందు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరు తరలిపోయింది. అప్పటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులో డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో చూడొచ్చు. బాంబు చూసినవాడికి పిల్‌బాక్సు సంగతి చెప్పే చీటీ అక్కడ లేకపోతే, పిల్‌బాక్సు మీద కూర్చుని మొక్కజొన్న తింటున్నవాడికి అదేమిటో తెలిసే దారి లేదు. తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బర్ రాతికట్ట దాన్ని ఆపేస్తుంది కనుక కట్టకి ఉత్తరాన బీచ్ కోతకి గురవుతుంది, తవ్వితీసిన ఇసుకని పంపు చేసి పోయాల్సి వస్తుంది. అందుకే ఈ కట్టడాలు ఒక ఏడాది బయటపడతాయి, ఇంకో ఏడాది పూడిపోతాయి, ఒక పక్కకి ఒరుగుతాయి. ఫలానా చోట ఉన్నాయని మ్యాపులో వేసి ఊరుకోకుండా, ఎప్పుడు బయటపడితే అప్పుడు కొలతలు తీయించి ఉంచండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కాలం. గుడ్లని కంచెలో పొదిగించి, పిల్లల్ని వదిలే పని అటవీ సిబ్బంది ఓపిగ్గా చేస్తున్నారు. గుడ్డు పెట్టిన 45 నుంచి 60 రోజులకి పిల్ల వస్తుంది, కనుక వదిలే వారం ముందే చెప్పొచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లని చేత్తో తీసుకెళ్ళి నీళ్ళలో వేయకూడదు, ఇసుక మీద దాని నడక అది నడవాలి. ఫ్లాష్ వాడకూడదు. ఇక మీ చేతిలో ఉన్నది దీపాలు. బీచ్ రోడ్డు మీద హైమాస్ట్ లైటు వెలుగు సముద్రం వైపు పడితే పిల్లలు రోడ్డు వైపు నడుస్తాయి. గుడ్లు పెట్టే చోట్ల ఆ మూడు నాలుగు నెలలూ దీపాలకి సముద్రం వైపు రేకు మూతలు పెట్టించండి, అది ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

మిగతావి టూకీగా. అప్పికొండ సోమేశ్వరాలయం, స్టీల్‌ప్లాంటు అవతల సముద్రం పక్కనే. గుడి చూడండి, నీళ్ళలోకి దిగకండి. అక్కడా యారాడలోనూ అలలు ఒడ్డున పగిలి ఒకే సందుగుండా వెనక్కి లాగుతాయి. అల విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే లాగుడు ఎక్కువ. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా తీరం వెంట పక్కకి ఈదాలి, ఈ ఒక్క వాక్యం బొమ్మతో సహా ప్రతి బీచ్‌లోనూ ఉండాలి. పద్మనాభం, 1794 జూలై 10న విజయనగరం చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీతో పోరాడి పడిపోయిన చోటు. కొండ మీద అనంత పద్మనాభుడి గుడికి వెయ్యికి పైగా మెట్లు, ఉదయమే ఎక్కాలి. మాధవధార నుంచి కొండ మీదుగా సింహాచలానికి పాత నడకదారి ఉంది, ఒంటరిగా వద్దు, చీకటి పడ్డాక అసలే వద్దు. కొండకర్ల ఆవ అనే సరస్సులో రెండు తాటి బోదెల్ని జతకట్టిన దోనెల మీద తిప్పుతారు, పక్షుల్ని చూడాలంటే చలికాలం. లైఫ్ జాకెట్ లేకుండా దోనె ఎక్కనివ్వకండి, ఒక పక్కకి నలుగురు ఒరిగితే అది నిలవదు. శంకరం దగ్గరి బొజ్జన్నకొండ రాతిని తొలిచిన బౌద్ధ క్షేత్రం. ఈ రెండూ 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. చూసేవాడికి జిల్లా గీతతో పని లేదు. రెండు జిల్లాలవాళ్ళూ కలిసి ఒకే మ్యాపు వేయించండి.

పలకల గురించి కూడా ఒక మాట. ఇనుప ఫ్రేముకి రంగు వేసి నిలబెడితే మన ఉప్పుగాలికి ముందు బోల్టు దగ్గర తుప్పు మొదలవుతుంది, రంగు మిగిలి ఉండగానే బోర్డు ఒరుగుతుంది. నల్లరాతి పలక మీద చెక్కించి నేలలో పాతడమే నిలుస్తుంది. తెలుగు పైన, తర్వాత ఇంగ్లీషు, హిందీ. బరంపురం, భువనేశ్వర్, కోల్‌కతాల నుంచి వచ్చేవాళ్ళ లెక్క మీకే బాగా తెలుసు, ఒడియా, బెంగాలీ కూడా ఉండాలి. పలక మీద నాలుగే వివరాలు: ఇది ఏమిటి, ఎప్పుడు రావాలి, ఏం చేయకూడదు, దగ్గరి బస్టాపు పేరు. స్వాగతం చెప్పేవారి ఫొటోలకి చోటు మిగలకపోతే ఇంకా మంచిది.

ముందు మూడు చోట్ల మొదలుపెట్టి చూడండి: తెన్నేటి పార్కు మెట్ల దగ్గర పోటుపాటుల నల్లబల్ల, ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాన తర్వాత ప్రవేశం లేదన్న పలక, రాస్ హిల్ మీద కెమెరా నిబంధనలు. వచ్చే ఫాల్గుణ పౌర్ణమికి నీరు బాగా తీస్తుంది కనుక నల్లబల్లని ఆలోపే పెట్టించమని మనవి. వారం వారం వేళలు రాసే పని మేం చేస్తాం. సుద్దముక్కలు కూడా మావే.

ఇట్లు,
విశాఖ తీరం వెంట, పాత ఊళ్ళో నడకలు నడిపించే కొందరం
విశాఖపట్నం